మొదటి సెమిస్టర్ సైకాలజీ పిల్లలకు పెట్టిన పరిచయ కోర్సు పనిచేసిందో లేదో ఎట్లా తేల్చాలి?

క్లాక్‌టవర్_అనంత:

అందరికీ నమస్తే. అనంతపురంలో డిగ్రీ కాలేజీ, బీఏ సైకాలజీ మేజర్, మొదటి సంవత్సరంలో 52 మంది ఉన్నారు. ఈ ఏడాది వీళ్లకు వారానికి ఒక గంట చొప్పున 14 వారాల పరిచయ కోర్సు మొదలైంది. మార్కులు లేవు, హాజరు మాత్రం వేస్తాము. సిలబస్ ఇది: ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్ వస్తుంది, ఎందుకు వస్తుంది, డిగ్రీ తర్వాత దారులు, లైబ్రరీలోనూ నెట్‌లోనూ పరిశోధన పత్రం వెతకడం, ప్రాక్టికల్ రికార్డు రాసే పద్ధతి, మనుషుల మీద ప్రయోగం చేసేటప్పుడు పాటించాల్సిన నియమాలు.

సెమిస్టర్ చివర ఐక్యూఏసీకి, అంటే కాలేజీలో నాణ్యత చూసే విభాగానికి, రిపోర్టు ఇవ్వాలి. కాలేజీలో వాడే ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదు ప్రశ్నలు ఉన్నాయి, ఏ కోర్సుకు ఇచ్చినా అందరూ "చాలా బాగుంది" మీద టిక్ పెట్టేస్తారు. దాన్నిబట్టి కోర్సు వచ్చే ఏడాది ఉంచాలో తీసేయాలో చెప్పలేము. నా సందేహాలు ఇవి. కోర్సు వల్ల పిల్లలకు ఏం ఒరిగిందో కొలిచే పద్ధతి ఏది? ఇప్పటికే నాలుగు వారాలు అయిపోయినాయి, ప్రీ-టెస్ట్ పెట్టలేదు, ఇక దారి లేదా? పేర్లు రాయించాలా వద్దా? ప్రశ్నలు తెలుగులోనా ఇంగ్లీషులోనా? లెక్కలు ఎక్సెల్‌లో అవుతాయా? గణాంకాలు వేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ కాలేజీలో లేదు.

బురుజు_కర్నూలు:

మేడమ్, ముందు ఒకటి విడదీసుకోండి. కోర్సు నచ్చిందా అన్నది ఒక ప్రశ్న. కోర్సు వల్ల తెలియనిది తెలిసిందా అన్నది రెండోది. తెలిసినదాన్ని పిల్లలు వాడుతున్నారా అన్నది మూడోది. ట్రైనింగ్ రంగంలో కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన మెట్లు దాదాపు ఇవే, ఆయన నాలుగోదిగా సంస్థకు దక్కిన ఫలితాన్ని కూడా చేర్చినాడు. మీ ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. సార్ బాగా చెప్పినాడు అని రాసే పిల్లోడికి, సైకాలజిస్టుకూ సైకియాట్రిస్టుకూ తేడా అప్పటికీ తెలియకపోవచ్చు.

ప్రీ-టెస్ట్ పోయిందని దిగులు పడొద్దు. పోయింది నాలుగు వారాలే, మిగిలిన పది వారాల పాఠం ఇంకా ఎవరూ వినలేదు. ఇంతవరకూ సెమిస్టర్ల పరిచయం, రికార్డు పద్ధతి అయి ఉంటాయనుకుంటా. దారులు, పత్రాలు వెతకడం మిగిలి ఉంటే వాటికి ఈ వారమే ప్రీ-టెస్ట్ పెట్టొచ్చు.

ఇంకా మంచి దారి ఉంది. మీకు ప్రాక్టికల్స్‌కు రెండు బ్యాచ్‌లు ఉండాలి కదా, 26, 26 మంది, వాటిని "ఏ", "బీ" అనుకుందాం. పాఠాల వరుసను తిరగేయండి. ఐదో వారంలో అందరికీ రెండు అంశాల మీదా ఒకే పరీక్ష. ఆ తర్వాత నాలుగు వారాలు ఏ బ్యాచ్‌కు డిగ్రీ తర్వాత దారులు, బీ బ్యాచ్‌కు పత్రాలు వెతకడం. తొమ్మిదో వారం చివర మళ్లీ అందరికీ అదే పరీక్ష. తర్వాత నాలుగు వారాలు తారుమారు చేయండి. పద్నాలుగో వారంలో మూడో పరీక్ష. చివరికి అందరూ అన్నీ నేర్చుకుంటారు, ఎవరికీ అన్యాయం లేదు. ఖర్చు కూడా లేదు, ఒకే టీచరు అయితే టైంటేబుల్లో రెండు గంటలు వేరుచేసుకోవాలంతే.

దీంతో ఏం తెలుస్తుందంటే, తొమ్మిదో వారంలో దారుల ప్రశ్నల్లో ఏ బ్యాచ్ మాత్రమే పెరిగి, పత్రాల ప్రశ్నల్లో బీ బ్యాచ్ మాత్రమే పెరిగితే, ఆ పెరుగుదల మీ పాఠం వల్లే. రెండు బ్యాచ్‌లూ రెండింటిలోనూ ఒకే మాదిరి పెరిగితే, సీనియర్ల వల్లో యూట్యూబ్ వల్లో, లేదంటే అదే ప్రశ్నలు రెండోసారి చూడ్డం వల్లో పెరిగినాయి. ప్రీ-టెస్ట్, పోస్ట్-టెస్ట్ మాత్రమే పెడితే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. మొదటి సెమిస్టర్‌లో పిల్లలు కోర్సు ఉన్నా లేకున్నా కొంత నేర్చుకుంటారు, ఆ ఎదుగుదలనంతా కోర్సు ఖాతాలో వేసుకోవడం ఈ రకం రిపోర్టుల్లో జాస్తిగా కనబడే తప్పు.

బ్యాచ్‌లను రోల్ నంబర్ ప్రకారం విడగొట్టి ఉంటే జాగ్రత్త. అడ్మిషన్లు విడతల వారీగా జరుగుతాయి, చివరి విడతలో చేరినవాళ్లు రోల్ నంబర్లలో చివర పడతారు, వాళ్లలో వేరే సబ్జెక్టు దొరక్క ఇటు వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండొచ్చు. వీలైతే చీటీలు తీసి బ్యాచ్‌లు వేయండి. కుదరకపోతే ఐదో వారం స్కోర్లు రెండు బ్యాచ్‌లవీ పక్కపక్కన రిపోర్టులో చూపండి.

ఇప్పటికే చెప్పేసిన అంశాలకు మీ రెండో సంవత్సరం వాళ్లను పనికి తెచ్చుకోండి. వాళ్లకు ఈ కోర్సు లేదు కదా. సెమిస్టర్ల పరిచయం, రికార్డు పద్ధతి మీద అవే ప్రశ్నలు వాళ్లకూ ఇవ్వండి. ఒక ఏడాది ముందున్నారు కాబట్టి వాళ్లు మెరుగ్గా ఉండడం సహజం. అయినా మీ మొదటి సంవత్సరం వాళ్లు వాళ్లకు సమానంగా రాస్తే ఆ మాట రిపోర్టులో బరువుగా నిలబడుతుంది. మీవాళ్లు వెనకబడితే మాత్రం దాన్నిబట్టి కోర్సు చెడ్డదని అనలేము.

ప్రశ్నల సంగతి. ఇట్లాంటి వాక్యం రాయొద్దు: "ఈ కోర్సు వల్ల సైకాలజీ గురించి, ఉద్యోగాల గురించి నాకు బాగా అవగాహన కలిగింది." ఇందులో రెండు సంగతులు ఒకే టిక్‌లో ఇరుక్కున్నాయి, పైగా జవాబు వాక్యంలోనే ఉంది. దాని బదులు ఇట్లా అడగండి:

"కింది వారిలో మందుల చీటీ రాయగలిగేది ఎవరు? క్లినికల్ సైకాలజిస్ట్ / సైకియాట్రిస్ట్ / స్కూల్ కౌన్సెలర్ / సైకియాట్రిక్ సోషల్ వర్కర్ / నాకు తెలియదు."

"నాకు తెలియదు" అన్న ఐదో గడి తప్పక ఉండాలి. నాలుగు ఆప్షన్లే ఇస్తే తెలియనివాడు గుడ్డిగా టిక్ పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది, 20 ప్రశ్నల్లో సగటున 5 మార్కులు ఊరికే వస్తాయి. ప్రీ-టెస్ట్‌లో ఆ 5 కనబడితే పిల్లలకు ముందే కొంత తెలుసనుకుంటారు. తెలియదని రాసినా నష్టం లేదని, ఇది మార్కుల పరీక్ష కాదని పేపర్ పైనే రాయండి, నోటితోనూ చెప్పండి. ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలకు ఖాళీ వదలడమంటే భయం.

ఇంకొకటి, దారుల మీద రాసే ప్రశ్నలకు కీ పక్కన తేదీ వేసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి, ఆ చట్టం 1992 నాటిది. అందుకు చాలాకాలం రెండేళ్ల ఎంఫిల్ ప్రధాన దారి. 2022లో యూజీసీ ఎంఫిల్‌ను ఆపేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం తర్వాత కొంతకాలం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి "ఎంఫిల్ తప్పనిసరి" అన్న జవాబు ఒక ఏడాది ఒప్పు, ఇంకో ఏడాది తప్పు కావొచ్చు. ఏటా పరీక్షకు ముందు కౌన్సిల్ నోటీసులు చూసి కీ సరిచేయకపోతే, సరిగ్గా చదివిన పిల్లోడికే సున్నా పడుతుంది.

దేవునికడప_88:

బురుజు గారు చెప్పిన తారుమారు పద్ధతికి నా ఓటు. ఒక్క ఇబ్బంది ఉంది, హాస్టల్లో రెండు బ్యాచ్‌లూ ఒకే గదిలో ఉంటారు. ఏ బ్యాచ్ నోట్సు బీ బ్యాచ్ చేతికి పోతుంది. అప్పుడు తేడా తగ్గి కనబడుతుందే తప్ప లేని తేడా పుట్టదు. కాబట్టి తేడా దొరికితే నమ్మొచ్చు. దొరక్కపోతే మాత్రం పాఠం పనిచేయలేదని కొట్టిపారేయొద్దు. తొమ్మిదో వారం షీట్లో "ఇంకో బ్యాచ్ నోట్సు చదివినారా" అని ఒక ప్రశ్న పెట్టండి, నిజమే చెబుతారు.

భాష గురించి. మన పక్క పిల్లల్లో సగానికి పైగా ఇంటర్ తెలుగు మీడియం ఉండొచ్చు. ఇంగ్లీషులో మాత్రమే ఇస్తే మీరు కొలిచేది ఇంగ్లీషును. పూర్తిగా గ్రాంథిక తెలుగులో ఇచ్చినా అదే కష్టం. "సప్రమాణత", "పునర్బలనం" అని పుస్తకంలో ఉంటాయి, క్లాసులో మనం వాలిడిటీ, రీఇన్‌ఫోర్స్‌మెంట్ అనే అంటాము. పిల్లల చెవికి అలవాటైన మాట ఏదో అది వాడి, మొదటిసారి వచ్చిన చోట రెండో మాటను పక్కన పెట్టండి.

తెలుగులో ప్రత్యేకంగా తప్పు జరిగే చోటు వ్యతిరేక వాక్యం. "సైకాలజీలో ఉద్యోగాలు లేవని నేను అనుకోను" అని రాసి, పక్కన "ఏకీభవించను" గడి పెడితే, మూడు కాదులు కలిసి పిల్లోడి తల తిరుగుతుంది. ఉద్యోగాలు ఉన్నాయని నమ్మేవాడు రెండు చివర్లలో ఎక్కడైనా టిక్ పెట్టగలడు. అన్నిటికీ "అవును" కొట్టేసేవాళ్లను పట్టుకోవడానికి కొన్ని వాక్యాలు తిప్పి రాయాలి, ఆ మాట నిజమే. కానీ "కాదు" చేర్చి తిప్పొద్దు, అర్థాన్నే తిప్పండి: "సైకాలజీ డిగ్రీకి ఉద్యోగ అవకాశాలు తక్కువ." "తటస్థం" అన్న మాట కూడా వద్దు. "అవుననీ కాదనీ చెప్పలేను" అంటే అందరికీ అర్థమవుతుంది.

ఫారం తయారయ్యాక ఐదుగురు పిల్లలను, ఈ కోర్సులో లేనివాళ్లను, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నను పైకి చదివించండి. "దీన్ని నీ మాటల్లో చెప్పు" అనండి. ఒక ప్రశ్నకు ఇద్దరు వేరే అర్థం చెబితే ఆ ప్రశ్న మార్చాలి. ఒక్కొక్కరికి 20 నిమిషాలు, రెండు సాయంత్రాల పని. ఈ రెండు సాయంత్రాలు మిగుల్చుకోవాలని చూస్తే తర్వాత 52 షీట్లు చెత్తబుట్టలో వేయాల్సి వస్తుంది.

పేర్ల గురించి. పేరు రాయిస్తే మెప్పుకోలు జవాబులు వస్తాయి. అసలేం రాయించకపోతే ఐదో వారం షీటుకూ తొమ్మిదో వారం షీటుకూ జత కుదరదు, ఎవరు పెరిగినారో తెలియదు. మధ్యేమార్గం రహస్య కోడ్. అమ్మ పేరు మొదటి అక్షరం, పుట్టిన తేదీ రెండంకెలు, ఇంట్లో అందరికంటే పాత ఫోన్ నంబర్ చివరి రెండంకెలు. ఊరి పేరు చివరి అక్షరం పెట్టొద్దు. మన జిల్లాల్లో సగం ఊళ్లు పల్లి, పురం, అందరిదీ "ల్లి" లేదా "రం" వస్తుంది. అమ్మ పేరు ఒక్కటే చాలదు, లక్ష్మీదేవులు, లక్ష్మమ్మలు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. పిల్లలు వాళ్ల సొంత ఫోన్ నంబర్ రాస్తే సిమ్ మార్చినప్పుడు కోడ్ మారిపోతుంది, అందుకే ఇంట్లో పాత నంబర్ అన్నాను.

షీట్లు పంచేదీ సేకరించేదీ మీరు కాకూడదు. వేరే డిపార్ట్‌మెంట్ లెక్చరర్ ఒకరిని అడగండి. మీరు గదిలోనే ఉండకూడదు.

క్లాక్‌టవర్_అనంత:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రెండు బ్యాచ్‌లు ఉన్నాయి, తారుమారు కుదురుతుంది. మీరనుకున్నట్టే దారులు, పత్రాలు వెతకడం రెండూ ఇంకా మొదలు కాలేదు.

పత్రాలు వెతకడం మీద టిక్ ప్రశ్నలు రాయడానికి కూర్చుంటే అన్నీ "గూగుల్ స్కాలర్ అంటే ఏమిటి" మాదిరి వస్తున్నాయి. అవి తెలిసినంత మాత్రాన వెతకడం వచ్చినట్టు కాదు కదా. ఇంకో రెండు ప్రశ్నలు. ఆత్మవిశ్వాసం గురించి "1 నుంచి 5 వరకు మీకు మీరే వేసుకోండి" అని అడగవచ్చా? డిపార్ట్‌మెంట్లో ఒకరు డిప్రెషన్ స్కేల్ కూడా పెడదాం, కోర్సు వల్ల పిల్లల మనసు కుదుటపడిందని చూపొచ్చు అంటున్నారు. పెట్టొచ్చా?

పెన్నా_తీరం:

ముందు చివరిది. పెట్టొద్దు. పరిచయ కోర్సు డిప్రెషన్ తగ్గించడానికి పెట్టినది కాదు, తగ్గకపోతే కోర్సు విఫలమైందని ఎవరో రాస్తారు. అంతకంటే పెద్ద సంగతి, పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ స్కేల్ మాదిరి వాటిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఒక పిల్లోడు దాని మీద టిక్ పెడితే మీరు ఆ రోజే స్పందించాలి. రహస్య కోడ్ షీట్ కాబట్టి ఆ పిల్లోడు ఎవరో మీకు తెలియదు. తెలుసుకోలేని చోట ఆ ప్రశ్న అడగడమే తప్పు. పిల్లలకు నిజంగా సాయం చేయాలంటే షీట్ చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416 అచ్చువేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు పత్రం వెతకడం. మీరు సరిగ్గా పట్టుకున్నారు, దీన్ని చేయించి చూడాల. ఇట్లా పెట్టండి. పిల్లోడికి ఒక చీటీ, మీద ఒక అంశం: "నిద్రకూ పరీక్ష మార్కులకూ సంబంధం". 15 నిమిషాలు. ఒక పరిశోధన పత్రం వెతికి ఐదు సంగతులు కాగితం మీద రాయాలి: పత్రం పేరు, రాసినవాళ్లు, సంవత్సరం, పత్రిక (జర్నల్) పేరు, ఎంతమంది మీద చేసినారు. ఒక్కోదానికి ఒక మార్కు.

చెడేది ఎక్కడంటే, చాలామంది మొదట బ్లాగు లింకో న్యూస్ వెబ్‌సైటో తెస్తారు. అది పరిశోధన పత్రం కాదు, అన్నిటికీ సున్నా. తర్వాతి తప్పు పత్రిక పేరు బదులు ప్రచురణ సంస్థ పేరు రాయడం. ఐదోది అన్నిటికంటే కష్టం, సారాంశంలో "210 మందిని సంప్రదించాం, 184 మంది జవాబిచ్చారు" అని ఉంటే పిల్లోడు 210 రాస్తాడు. ఎవరి డేటాను లెక్కగట్టినారో అదే అసలు సంఖ్య. మీ పాఠంలో ఈ మూడు తప్పులనూ విడిగా చెప్పినారో లేదో ఈ పరీక్షలో ఇట్టే తేలిపోతుంది.

మీ కాలేజీకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ (కాలేజీలకు పత్రికలు, పుస్తకాలు నెట్‌లో అందించే ఏర్పాటు) సభ్యత్వం ఉంటే లాగిన్‌లు ముందే తీసిపెట్టండి. లేకపోతే గూగుల్ స్కాలర్, శోధ్‌గంగ చాలు. శోధ్‌గంగలో దొరికేవి పీహెచ్‌డీ థీసిస్‌లు, పత్రిక వ్యాసాలు కావు. "పత్రిక పేరు" గడిలో యూనివర్సిటీ పేరు రాస్తే ఒప్పుకుంటారా లేదా అన్నది ముందే నిర్ణయించి రాసుకోండి. ఫోన్లో నెట్ అందనివాళ్లకు ల్యాబ్‌లో కంప్యూటర్ ఇవ్వండి, లేకుంటే సిగ్నల్‌ను కొలిచినట్టవుతుంది. మూడుసార్లూ మూడు వేరే అంశాలు ఇవ్వాలి, వరుస కూడా బ్యాచ్‌ల మధ్య మార్చాలి. ఒక అంశం తేలిక, ఇంకోటి కష్టం కావొచ్చు కదా.

దిద్దేది ఇద్దరు. ఒకరు దిద్దింది ఇంకొకరు చూడకూడదు, ఆ షీట్ ఏ వారానిదో దిద్దేవాళ్లకు తెలియకూడదు. మొదట 15 షీట్లు ఇద్దరూ దిద్ది పోల్చుకోండి. తేడా వచ్చిన ప్రతిచోటా కీలో ఒక వాక్యం చేర్చండి. ఆ తర్వాతే మిగతావి.

ఆత్మవిశ్వాసం అడగవచ్చు గానీ దానికొక గుంట ఉంది. మొదటి వారం పిల్లోడు "పత్రాలు వెతకడం నాకు 4 వచ్చు" అంటాడు, గూగుల్‌లో టైపు చేయడమే వెతకడం అనుకుంటాడు కాబట్టి. కోర్సు అయ్యాక అసలు పని ఏందో తెలిసి "3" వేస్తాడు. నేర్చుకున్నాడు, స్కోరు మాత్రం పడిపోయింది. కొలబద్దే మారిపోయిందన్నమాట. దీనికి విరుగుడు, చివరి వారంలో ఒకే షీట్లో రెండు గడులు ఇవ్వండి: "ఇప్పుడు నాకు ఎంత వచ్చు" ఒకటి, "కోర్సుకు ముందు నిజానికి నాకు ఎంత వచ్చేది" ఇంకొకటి. రెండూ ఒకే కొలబద్దతో పడతాయి. అయితే టీచరును సంతోషపెట్టాలని "ముందు" గడి తగ్గించి వేసేవాళ్లు ఉంటారు. కాబట్టి దీన్ని సాక్ష్యంగా ముందు నిలబెట్టొద్దు, పరీక్ష స్కోరు పక్కన తోడుగా ఉంచండి. స్వీయ అంచనా పెరిగి పరీక్ష స్కోరు పెరగని పిల్లలు కనబడితే అది మీకు దొరికే అతి విలువైన సమాచారం. ధీమా పెరిగి పని రాలేదంటే పాఠంలో మాటలు ఎక్కువై చేయించడం తక్కువైంది.

బురుజు_కర్నూలు:

పెన్నా గారి చివరి మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా.

ఎక్సెల్ లెక్కలు అడిగినారు కదా మేడమ్. ఎస్‌పీఎస్‌ఎస్ అక్కర్లేదు. మూడు లెక్కలు చాలు.

బ్యాచ్‌ల పోలిక: ప్రతి పిల్లోడికీ తొమ్మిదో వారం స్కోరులోంచి ఐదో వారం స్కోరు తీసేయండి. ఆ తేడాలను ఏ బ్యాచ్ ఒక వరుస, బీ బ్యాచ్ ఒక వరుస పెట్టి టి.టెస్ట్ ఫంక్షన్ వాడండి, రకం దగ్గర 3 ఇవ్వండి, రెండు బ్యాచ్‌ల చెదురు సమానం కాకపోయినా పనిచేస్తుంది. దారుల స్కోరుకు ఒకసారి, పత్రాల స్కోరుకు ఒకసారి.

అదే పిల్లల ముందూ వెనకా: ఉదాహరణకు రెండు బ్యాచ్‌లూ కలిపి 44 మంది రెండుసార్లూ రాసినారు, సగటు తేడా 3.9, ఆ తేడాల స్టాండర్డ్ డీవియేషన్ (చెదురు) 3.4 అనుకుందాం. 44కు వర్గమూలం 6.63. 3.4ను దాంతో భాగిస్తే 0.51, 3.9ను 0.51తో భాగిస్తే టి విలువ సుమారు 7.6. పి విలువ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం) ఒక్కటే రాసి వదిలేయకండి. 20 మార్కుల్లో 3.9 పెరిగిందని మామూలు మాటల్లో రాస్తేనే ప్రిన్సిపాల్‌కు అర్థమవుతుంది.

ఒక్కో ప్రశ్నకు విడిగా: ఇది మెక్‌నెమార్ లెక్క, జవాబు మార్చినవాళ్లను మాత్రమే పోల్చేది, కాగితం మీదే అయిపోతుంది. మందుల చీటీ ప్రశ్న తీసుకోండి. ముందు తప్పు, తర్వాత ఒప్పు రాసినవాళ్లు 17. ముందు ఒప్పు, తర్వాత తప్పు రాసినవాళ్లు 4. మారనివాళ్లు లెక్కలోకి రారు. 17లో 4 పోతే 13. కలిపితే 21, మొత్తం 25 కంటే తక్కువ కాబట్టి 13లో ఒకటి తగ్గించి 12 చేయండి. 12 వర్గం 144, దాన్ని 21తో భాగిస్తే 6.86. అది 3.84 దాటితే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్టు. ఆ 4 మంది షీట్లు విడిగా తీసి చూడండి. ఒప్పు రాసినవాళ్లు పాఠం విన్నాక తప్పు రాసినారంటే క్లాసులో ఏదో మాట గందరగోళం చేసి ఉంటుంది. నా దృష్టిలో సగటు కంటే ఈ నలుగురే ముఖ్యం.

20 ప్రశ్నలకూ ఈ లెక్క వేస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా ఒకటి ఊరికే 3.84 దాటొచ్చు. కాబట్టి ముఖ్యమనుకున్న నాలుగైదు ప్రశ్నలు డేటా చూడకముందే ఎంచుకోండి.

ఒక్కో బ్యాచ్‌లో 26 మంది అంటే చిన్న సంఖ్య. తేడా స్టాండర్డ్ డీవియేషన్‌లో 0.8 వంతు అంత పెద్దదైతేనే నూటికి 80 సార్లు పట్టుబడుతుంది. చిన్న మెరుగుదల ఉన్నా కనబడకపోవచ్చని రిపోర్టులో రాయండి. వచ్చే ఏడాది బ్యాచ్ డేటా కూడా కలిపితే సంఖ్య రెట్టింపవుతుంది, అందుకే ప్రశ్నలను ఏటా మార్చొద్దు. షీట్లు పిల్లల చేతికి ఇచ్చి పంపొద్దు, లేకుంటే వచ్చే ఏడాదికి జిరాక్స్ సెంటర్‌లో దొరుకుతాయి.

క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే సంగతిని కొలుస్తున్నాయా అని చూపే అంకె) తక్కువ వచ్చిందని ఎవరైనా తప్పుపడితే బెదరొద్దు. వేరువేరు అంశాల మీద పరీక్ష కాబట్టి ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి పోలి ఉండవు. ఆత్మవిశ్వాసం వాక్యాలకు మాత్రం ఆల్ఫా చూడాలి.

దేవునికడప_88:

హాజరు మాట ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు, నవంబరులో వేరుశెనగ పీకే కాలం, దసరా, దీపావళి, కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలు తగ్గిపోతారు. తొమ్మిదో వారం సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ రోజు రానివాళ్లకు రెండు రోజుల్లోపు మళ్లీ రాయించండి. ఆపైన ఆలస్యమైతే ఇంకో బ్యాచ్ పాఠం మొదలైపోతుంది, ఆ షీట్ పనికిరాదు.

మూడు పరీక్షలూ రాసినవాళ్లతో మాత్రమే లెక్కలు వేస్తే, ఇంట్లో పని లేని పిల్లల మీద కోర్సు ఎట్లా పనిచేసిందో చెప్పినట్టు అవుతుంది. రానివాళ్ల ఐదో వారం స్కోరు, వచ్చినవాళ్ల ఐదో వారం స్కోరు పక్కపక్కన పెట్టి చూపండి. తేడా లేకుంటే కొంత నిశ్చింత. హాజరు 14లో ఎన్ని అన్నది కూడా షీట్ మీద వాళ్ల చేతే రాయించుకోండి, రిజిస్టర్‌తో జత చేస్తే కోడ్ రహస్యం పోతుంది.

రాయదుర్గం, మడకశిర వైపు కన్నడ మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఉంటే వాళ్లకు ఇంగ్లీషు షీట్ పక్కన తెలుగు మాట కూడా చదివి వినిపించాలి. తెలుగు చదవడం రాదు గానీ వింటే అర్థమవుతుంది. ఎవరికి చదివి వినిపించినారో షీట్ మూలన ఒక గుర్తు పెట్టండి.

పెన్నా_తీరం:

టిక్ షీట్లలో ఎప్పటికీ రాని సంగతి ఒకటి ఉంది, ఎందుకు అన్నది. చివరి వారం ఆరుగురేసి రెండు గుంపులు, ఒక్కో గుంపుతో 40 నిమిషాలు మాట్లాడించండి, మీరు లేకుండా. క్లాసులో చురుగ్గా ఉండేవాళ్లనే పిలవకుండా ఆరుగురిలో ఇద్దరైనా తక్కువ హాజరు ఉన్నవాళ్లు ఉండేట్టు చూడండి. "ఏ క్లాసు తీసేస్తే మీకు నష్టం లేదు?" అన్న ప్రశ్న తప్పక అడిగించండి. "కోర్సు ఎట్లా ఉంది" అంటే బాగుంది అంటారు, తీసేయమంటే మాత్రం పేరు పెట్టి చెబుతారు. ఫోన్లో రికార్డు చేసేట్టయితే ముందు అనుమతి తీసుకోండి, ఇష్టం లేనివాళ్లు లేచి వెళ్లవచ్చని చెప్పండి.

ఇదంతా కాలేజీ లోపలి రిపోర్టు కోసమైతే ఇంతే చాలు. పరిశోధన పత్రికకు పంపాలన్న ఆలోచన ఏ మూలనున్నా, ఐదో వారం పరీక్షకు ముందే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. డేటా తీశాక అడిగితే ఇవ్వరు.

వచ్చే సెమిస్టర్ మూడో వారంలో పది ప్రశ్నలు, ఒక చీటీ పని మళ్లీ పెట్టండి. కోర్సు అయిన మర్నాడు గుర్తుండడం పెద్ద విషయం కాదు. ఆ సెమిస్టర్ ప్రాక్టికల్ రికార్డులో రెఫరెన్స్ సరిగ్గా రాసినవాళ్లు ఎందరో కూడా లెక్కపెట్టండి. అది ఎవరూ అడగకుండానే వాళ్లు చేసిన పని, అందుకే దానికి విలువ ఎక్కువ.

క్లాక్‌టవర్_అనంత:

చాలా మేలు చేసినారు. సోమవారం చీటీలు తీసి బ్యాచ్‌లు వేస్తాము, బుధవారం మొదటి పరీక్ష. డిప్రెషన్ స్కేల్ పెట్టడం లేదు. చివరగా ఒక్కటే, కోడ్‌లు ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

దేవునికడప_88:

ఉన్నాయి మేడమ్. అక్షరానికీ, తేదీకీ, ఫోన్ అంకెలకూ మూడు వేరు నిలువు వరుసలు పెట్టండి. అంకెలు ఎక్కించకముందే ఆ వరుసలను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చండి, లేకుంటే 07 అని కొట్టగానే ఎక్సెల్ సున్నా మింగేసి 7 చేస్తుంది, తర్వాత మూడింటినీ కలిపితే ఇద్దరు వేరే పిల్లల కోడ్‌లు ఒకటే అయిపోవచ్చు. జత కుదరని షీట్లను వెంటనే పారేయకండి. మూడింటిలో రెండు భాగాలు సరిపోయి, ఒక్క అంకె మాత్రమే తేడా ఉంటే, చేతిరాత పోల్చి చూసి దిద్దే ఇద్దరూ ఒప్పుకుంటేనే కలపండి. 1కీ 7కీ మధ్య పొరపాటు ఎక్కువగా వస్తుంది.

ఒకే కోడ్ ఇద్దరికి వస్తే వాళ్లిద్దరి షీట్లూ జత లెక్కలోంచి తీసేయండి, బ్యాచ్ సగటులో మాత్రం ఉంచుకోవచ్చు.